విమాన ప్రయాణం – తుపాకీ, తూటా
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల సంగతి చెప్పకుండా తుపాకుల సంగతి ఎందుకయ్యా అని కొందరికి అనిపించవచ్చు. కలెక్టరు కార్యాలయంలో మెజిస్టీరియల్ సెక్షనులో ఆయుధ లైసెన్సుల ఫైళ్ళు చాలా ఏళ్ళు చూసినవాణ్ణి గనుక కార్యదర్శి గారు ఈ విషయం నాకు అప్పగించారు. మన సభ్యుల్లో మాజీ సైనికులున్నారు. పంట రక్షణకని పెద్దలు తీసుకున్న ఒంటిగొట్టం, జంటగొట్టం తుపాకులున్న ఇళ్ళూ ఉన్నాయి. ఇక విమానం ఎక్కనివారు మనలో ఇప్పుడు తక్కువే. అందుచేత ఈ నాలుగు మాటలు అందరికీ పనికివస్తాయి.

ముందు చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. దాని 3వ సెక్షను ప్రకారం తుపాకీకే కాదు, తూటాకూ లైసెన్సు కావాలి. "ఒక్కటే కదండీ" అంటే చెల్లదు. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు, జరిమానా కూడా.

లైసెన్సు ఉన్నవారు ఆయుధాన్ని విమానంలో తీసుకువెళ్ళవచ్చా? వెళ్ళవచ్చు, పద్ధతి ప్రకారం. మొదట లైసెన్సులో ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోవాలి. జిల్లాకో రాష్ట్రానికో పరిమితమైన లైసెన్సుతో ఢిల్లీ తీసుకుపోకూడదు. గడువు కూడా చూసుకోవాలి. ఆయుధం ఎప్పుడూ చేతిసంచిలో పెట్టరాదు. చెక్-ఇన్ సామానులోనే వెళ్ళాలి. టికెట్టు కొనేముందే ఆ విమాన సంస్థను అడగాలి. ఒక్కొక్కరి నిబంధన, రుసుము ఒక్కొక్క రకం. ప్రయాణం రోజున పెందలాడే వెళ్ళి, సామాను అప్పగించకముందే కౌంటరులో నోరు తెరిచి చెప్పాలి, అసలు లైసెన్సు చూపాలి. తుపాకీలో తూటా ఉండకూడదు. తుపాకీ వేరు, తూటాలు వేరుగా కట్టాలి. అంతర్జాతీయ విమానయాన నియమాల ప్రకారం ఒక ప్రయాణికుడు తీసుకెళ్ళగల తూటాల బరువు పెట్టెతో కలిపి 5 కిలోలు మించరాదు. విమాన సంస్థ అంతకన్న తక్కువే అనవచ్చు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 1971 జనవరిలో శ్రీనగర్‌లో బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి 'గంగ' విమానాన్ని లాహోరుకు మళ్ళించినవారి చేతిలో ఉన్నది బొమ్మ పిస్తోలు. 1978 డిసెంబరులో లక్నో నుంచి ఢిల్లీ పోయే విమానాన్ని వారణాసికి మళ్ళించినదీ బొమ్మ తుపాకీతోనే. అందుకే మనవడికి కొన్న బొమ్మ తుపాకీని కూడా చేతిసంచిలో పెట్టవద్దని మనవి.

అసలు చిక్కు తుపాకీతో వెళ్ళేవారికి కాదు, తూటా ఉన్నట్టు తెలియనివారికి వస్తోంది. నాకు తెలిసిన రిటైర్డు ఉపాధ్యాయుడొకరు భార్యతో కాశీయాత్రకు బయలుదేరారు. మామగారి నాటి తోలుసంచి గట్టిగా ఉందని అందులో బట్టలు సర్దుకున్నారు. మామగారికి ఒకప్పుడు పాయింట్ 32 రివాల్వర్ ఉండేది. ఆయన పోయాక దాన్ని పోలీసుస్టేషనులో డిపాజిట్ చేశారు కూడా. కాని సంచి అస్తరులో ఒక తూటా ఉండిపోయింది. చిటికెనవేలి కొనంత వస్తువు, ఎక్స్‌రే తెరమీద కనబడింది. విమానం వెళ్ళిపోయింది, ఈ దంపతులు స్టేషనుకు వెళ్ళారు, ఎఫ్.ఐ.ఆర్. అయింది. అక్కడ ఆమె పడ్డ అవమానం ఇప్పటికీ మరిచిపోలేదు.

తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఆ సూత్రం ఆధారంగా ఇలాంటి కేసులు ఎన్నో హైకోర్టులు కొట్టివేశాయి. ఈయనదీ కొట్టివేశారు. కాని అందుకు రెండేళ్ళకు పైగా పట్టింది. వకీలు ఫీజులు, ఊళ్ళ మధ్య తిరుగుళ్ళు అన్నీ పెన్షనులోంచే. న్యాయం మన పక్షాన ఉన్నా, ఈ వయసులో దాన్ని రుజువు చేసుకోవడం కష్టం.

అమెరికాకు వెళ్ళేవారికి రెండు మాటలు. అక్కడ ఆయుధాన్ని తాళం వేసిన గట్టి పెట్టెలో, తూటాలు తీసి, కౌంటరులో చెప్పి, చెక్-ఇన్ సామానుగా పంపవచ్చు. అయినా 2024లో అక్కడి తనిఖీ కేంద్రాల్లో ప్రయాణికుల చేతిసామానులో 6,678 తుపాకులు దొరికాయి. నూటికి 94 వాటిలో తూటాలు నింపినవే! విజిటర్ వీసామీద వెళ్ళిన మనబోటివారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడ తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోకూడదు. అబ్బాయిగారు షూటింగ్ రేంజికి తీసుకెళ్తానంటే ముందు నియమం కనుక్కోమనండి. జ్ఞాపకంగా ఖాళీ తూటా గొట్టం కూడా జేబులో వేసుకురావద్దు. మన విమానాశ్రయంలో ఆపి అడుగుతారు.

చివరగా ఇంటికి వెళ్ళి చేయవలసిన పనులు:

1. పాత సంచులు, సూట్‌కేసులు, సైనిక సంచులు పూర్తిగా బోర్లించి, అస్తరు, పక్కజేబులు తడిమి చూడండి. ఎరువు సంచి ఇస్తే సర్దకముందే చూడండి.

2. తూటా దొరికితే పారేయవద్దు, పిల్లల చేతికివ్వవద్దు. వకీలును గాని తెలిసిన పెద్దను గాని తోడు తీసుకుని, విషయం కాగితంమీద రాసి స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి.

3. లైసెన్సుదారు పోతే ఆ లైసెన్సు వారసులకు దానంతట అదే రాదు. ఆయుధాన్ని, తూటాలను లెక్కపెట్టి స్టేషనులో గాని లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని డిపాజిట్ చేయాలి. కావాలంటే ఆ తర్వాత వారసులు తమ పేర దరఖాస్తు పెట్టుకోవచ్చు.

4. ఇంట్లో ఆయుధం ఉన్న సంగతి, లైసెన్సు ఎక్కడుందో భార్యకూ పిల్లలకూ చెప్పి ఉంచండి. బ్యాంకు పాసుబుక్కు సంగతి చెప్పినట్టే ఇదీ చెప్పాలి.