ప్యాకెట్ మీది రాత కూడా ఒక సాక్ష్యమే

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! దైవభీతి కలిగి ఉండమని ముందు నాకు నేను, ఆపై మీకూ హితవు చెప్పుకుంటున్నాను.

భూమిపై లభించే వాటిలో హలాల్ అయినవీ, తయ్యిబ్ అయినవీ భుజించమని అల్లాహ్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో మానవులందరినీ ఆదేశించాడు. హలాల్ అంటే ధర్మసమ్మతం. తయ్యిబ్ అంటే స్వచ్ఛమైనది, మేలైనది. ఈ రెండూ కలిసినప్పుడే ఆహారం విశ్వాసికి తగినదవుతుంది.

మన తాతల కాలంలో ఈ ఆజ్ఞను పాటించడం కొంత సులువు. కోసే చేయి తెలుసు, ధాన్యం పండించిన రైతు తెలుసు. నేడు మన వంటింట్లోకి వచ్చే వస్తువుకూ మనకూ మధ్య ఒక ప్యాకెట్ ఉంది. దానిపై రాసిన నాలుగు ముక్కలే మనకు ఆధారం.

కొన్నాళ్ళ క్రితం ఒక వృద్ధ మాతృమూర్తి మనవడి కోసం కొన్న మిఠాయి ప్యాకెట్‌తో నా వద్దకు వచ్చారు. "హజ్రత్, దీనిమీద గోధుమరంగు గుర్తు ఉంది. మనం మాంసం తినేవాళ్ళమే కదా, పిల్లవాడికి పెట్టవచ్చా? నాకు ఉర్దూ వచ్చు, తెలుగూ వచ్చు. ఈ రాత ఆ రెండూ కాదు" అన్నారు. చదివి చూశాను. అందులో జెలటిన్ ఉంది. అది జంతువుల చర్మం, ఎముకల నుండి తీసే పదార్థం. ఏ జంతువుదో, దానిని ఎలా కోశారో ఎక్కడా రాయలేదు. హలాల్ అని చెప్పలేకపోయాను, హరామ్ అనీ చెప్పలేకపోయాను. ఆమె ఒక్క క్షణం మౌనంగా ఉండి, "పోనివ్వండి, వాడికి నువ్వుల ఉండలు చేసి పెడతాను" అని వెళ్ళిపోయారు.

సోదరులారా! ఆ మాతృమూర్తి అవస్థ మన ఇళ్ళన్నింటిదీ. మన దేశంలో పచ్చని చతురస్రంలోని పచ్చని చుక్క శాకాహారానికి గుర్తు. గోధుమరంగు చతురస్రంలోని త్రిభుజం మాంసాహారానికి గుర్తు. గోధుమరంగు గుర్తున్న పదార్థంలో ఉన్నది గుడ్డు కావచ్చు, చేప కావచ్చు, మనకు నిషిద్ధమైన జంతువు కొవ్వూ కావచ్చు. ఇక పచ్చని చుక్క మాంసాహార పదార్థం లేదని చెబుతుందే గాని, మద్యసారం కలిసిందా లేదా అన్నది చెప్పదు. ఆ గుర్తులు అబద్ధమాడటం లేదు. కాని అవి వేరొకరి ప్రశ్నకు సమాధానాలు, మన ప్రశ్నకు కావు.

ఇక అంకెల సంగతి. 120 అనే సంఖ్య ఒక పురుగు నుండి తీసే ఎర్ర రంగుది. 471 అనేది కొవ్వుల నుండి చేసేది. ఆ కొవ్వు మొక్కలదీ కావచ్చు, జంతువులదీ కావచ్చు. ఈ వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు తప్పనిసరి కాదు.

తయ్యిబ్ విషయంలోనూ ఇదే గందరగోళం. డబ్బా నిండా మామిడిపండ్ల బొమ్మలుంటాయి, లోపల రసం మాత్రం స్వల్పం. ఐస్‌క్రీమ్ పక్కనే అదే రూపంలో ఫ్రోజెన్ డెజర్ట్ ఉంటుంది, అందులో పాలకొవ్వుకు బదులు నూనెల కొవ్వు ఉంటుంది. పలుధాన్యాల రొట్టె అని పెద్ద అక్షరాలతో రాస్తారు. పదార్థాల జాబితాను బరువు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి రాయాలన్నది నియమం. ఆ జాబితాలో మొట్టమొదట కనిపించేది మైదా!

అటువంటప్పుడు విశ్వాసి ఏం చేయాలి? హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, వాటి నడుమ ఉన్న సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడని దైవప్రవక్త (స) బోధించారు. అదే సమయంలో మరో సంఘటనను కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసంపై అల్లాహ్ నామం పలికారో లేదో తెలియడం లేదని కొందరు అడిగినప్పుడు, మీరు అల్లాహ్ పేరు తలచి తినండని ఆయన (స) సెలవిచ్చారు. ఆధారమున్న సందేహం వేరు, ఊహ వేరు. మొదటిది మనల్ని జాగ్రత్తపరుస్తుంది. రెండవది ఇంటివారిని వేధిస్తుంది, సాటి ముస్లింను అవమానిస్తుంది.

ఈ మాటలు పలికి, నాకూ మీకూ అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాను.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతిస్తూ, దైవప్రవక్త (స) పై దరూద్ పంపుతూ రెండు మాటలు విన్నవిస్తాను.

కొనేవాని బాధ్యత చెప్పుకున్నాం. అమ్మేవాని బాధ్యత ఇంతకంటే బరువైనది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వానకు తడిసిందని యజమాని చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు.

గమనించండి. ధాన్యం తడవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. నేటి ప్యాకెట్లపై పెద్ద అక్షరాలు పొడి గింజలు, చిన్న అక్షరాలు తడి గింజలు.

మనలో బేకరీ నడిపేవారున్నారు, మాంసం దుకాణదారులున్నారు, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే అక్కచెల్లెళ్ళున్నారు. దుకాణం బోర్డుపై హలాల్ అని రాయించిన ప్రతి ఒక్కరూ ప్రజల ముందు ఒక సాక్ష్యమిచ్చినట్లే. గడువు తేదీపై కొత్త కాగితం అతికించినవాడు అబద్ధపు సాక్ష్యం పలికినట్లే. కూలివాని చెమట ఆరకముందే వేతనమివ్వమన్నది ప్రవక్త (స) బోధ. ఆ కూలి ఎగ్గొట్టి చేసిన వంటకం ఎంత శుభ్రమైన ముద్ర వేసుకున్నా తయ్యిబ్ ఎలా అవుతుంది?

చదువుకున్న యువకులారా! ఆ మాతృమూర్తి చదవలేని అక్షరాలను మీరు చదవగలరు. ఆ విద్య మీ వద్ద అమానత్. వారానికి ఒక్కసారి మీ ఇంటి సరుకులను, పొరుగింటి పెద్దవారి సరుకులను చదివి వినిపించండి. ప్రతి ప్యాకెట్‌పై వినియోగదారుల కోసం ఫోన్ నంబరో, చిరునామానో ఇవ్వడం చట్టరీత్యా తప్పనిసరి. ఆ కొవ్వు దేనిదని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే ఆ వస్తువును మానుకోండి. నువ్వుల ఉండలు ఎక్కడికీ పోలేదు.

ఓ అల్లాహ్! మాకు హలాల్ ఆహారాన్ని, నిజం పలికే నాలుకను ప్రసాదించు. మా వర్తకుల త్రాసులనూ రాతలనూ సత్యం మీద నిలుపు. మా పిల్లల కడుపుల్లోకి సందేహం చేరకుండా కాపాడు. ఆమీన్.