డీజిల్ పవర్ ప్యాక్: స్టార్ట్ చేసే ముందు, ఆపేసిన తర్వాత

అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి ఏఈ, ఏఈఈ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది కొంచెం ఓపిగ్గా వినండి. పాస్కల్ సూత్రం మీద లెక్క ఇస్తే మీరు నాకంటే తొందరగా చేస్తారు. అదే సూత్రంతో నడిచే మెషీన్ మీ స్టడీ హాల్ కింద రోడ్డు పగలగొడుతుంటే మాత్రం కిటికీ మూసేస్తారు! రేపు ఉద్యోగం వచ్చాక దాని పక్కన నిలబడాల్సింది మీరే.

2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో లైన్ నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగానే పోతుంది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి తెరిచారు. ఇలాంటి పనుల్లో బరువులెత్తే మొబైల్ క్రేన్ అయినా, కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ అయినా లోపల జరిగేది ఒకటే. డీజిల్ ఇంజిన్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను తోస్తుంది, ఆ ఆయిల్ పని చేస్తుంది. ఇవాళ నేను చెప్పేది చక్రాల మీద తోసుకెళ్లే చిన్న పవర్ ప్యాక్ గురించి.

ముందు చోటు చూడండి. సెల్లార్‌లో, షట్టర్ లోపల, మనిషి దిగిన గుంత అంచున పెట్టొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తర్వాత ఇంజిన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ రెండూ చూడాలి. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే లైన్‌లో వాల్వ్ ఉంటే అది తెరిచి ఉందా? మూసి ఉంటే పంపు గులకరాళ్లు నమిలినట్టు అరుస్తుంది, కాసేపటికే పాడవుతుంది.

కంట్రోల్ లివర్ న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకర్ దగ్గర ఎవరూ చెయ్యి వేయలేదని చూసుకుని, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లలో అందుకోకపోతే వదిలేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు లోడ్ లేకుండా తక్కువ స్పీడ్‌లో నడవనివ్వండి. పని మొదలుపెట్టే ముందే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చూడండి, నిజంగా ఆగుతుందో లేదో.

ఇంకో మాట. "పవర్ తక్కువగా ఉంది సార్" అని హెల్పర్ రిలీఫ్ వాల్వ్ స్క్రూ బిగించబోతాడు. బిగించనివ్వకండి. ప్రెషర్ హద్దు దాటకుండా కాపాడేది అదే.

ఇక అసలు భయపడాల్సిన సంగతి. కారు టైరులో గాలి సుమారు 2 బార్. ఈ హోస్‌లో ఆయిల్ 140 బార్ దాకా ఉండొచ్చు. హోస్‌కు సూదిమొనంత చిల్లు పడితే బయటికొచ్చే ధార కంటికి సరిగ్గా కనపడదు. ఎక్కడ లీకవుతోందో చూద్దామని చేత్తో తడిమితే, గ్లౌజ్ ఉన్నా సరే, చర్మంలోకి దూరిపోతుంది. లీకు వెతకాలంటే కళ్లద్దాలు పెట్టుకుని, దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టాలి. అట్ట మీద తడి కనపడితే ఇంజిన్ ఆపండి. నడుస్తుండగా నట్టు బిగించొద్దు.

ఆపాక కూడా హోస్‌లో ప్రెషర్ మిగిలే ఉంటుంది. ఎత్తి ఉన్న బరువును కిందికి దించి, ఇంజిన్ ఆపి, లివర్‌ను రెండు మూడు సార్లు అటూ ఇటూ కదిపి, గేజ్ సున్నా చూపించాకే కప్లింగ్ విప్పాలి. అక్యుములేటర్ ఉన్న మెషీన్ అయితే దాన్ని విడిగా ఖాళీ చేయాలి.

ఒకవేళ ఆయిల్ ఒంట్లోకి దూరితే గాయం ముల్లు గుచ్చుకున్నంతే ఉంటుంది. నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. ఇలాంటి గాయం గురించి 1937లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారు, అయినా ఇప్పటికీ సైట్లలో పసుపు అద్ది పంపేస్తారు. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. ఇక్కడి నుంచి గాంధీ, ఉస్మానియా రెండూ దగ్గరే. మనిషికి ఏమీ తినిపించకుండా వెంటనే తీసుకెళ్లండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. డాక్టర్‌కు "చిన్న గుచ్చుడు" అని చెప్పకండి. "హై ప్రెషర్ ఆయిల్ చర్మంలోకి ఇంజెక్ట్ అయ్యింది" అని, ఏ టైమ్‌కు జరిగిందో చెప్పండి. ఆయిల్ డబ్బా మీది లేబుల్ ఫోన్‌లో ఫోటో తీసి చూపించండి.