మధ్యలో ఆగిన చదువుకు చేయూత
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవాడు కొత్తగా కాలేజీలో చేరుతున్నాడంటే సాయం చేయడానికి మనలో చాలామంది ముందుకొస్తారు. అల్లాహ్ ఆ మంచి మనసులకు ప్రతిఫలం ఇవ్వాలి. నేను ఈ రోజు మాట్లాడేది మరో రకం విద్యార్థుల గురించి. ఏడాదో రెండేళ్లో చదివాక తండ్రి పని కోసం కుటుంబమంతా హైదరాబాదు వెళ్లిపోతుంది. లేదా రెండో ఏడాదిలో అమ్మాయికి నిఖా అయి అత్తవారింటికి వెళుతుంది. అంతవరకు చదివింది పోయినట్టేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అలా పోనక్కర్లేదు.

మన ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు కూడా మధ్యలో ఊరు మారిన విద్యార్థే. చీపురుపల్లిలో మొదలైన ఆయన చదువు, తండ్రి పోయాక విజయనగరంలో సాగింది. అక్కడ కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఉండడానికి చోటు, తినడానికి తిండి ఇచ్చి ఆదుకున్నారు. ఊరు మారిన పిల్లవాణ్ణి ఒక పెద్దమనిషి పట్టించుకున్నందువల్ల ఆ చదువు నిలబడింది.

ఇప్పుడు చట్టం కూడా కొంత తోడుంది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. డబ్బు బ్యాంకులో దాచుకున్నట్టే, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమ అవుతాయి. వాటికి గరిష్ఠంగా ఏడేళ్ల గడువు ఉంటుంది. యూజీసీ 2022 నాటి విధానం ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లు తెచ్చుకుని, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తి చేస్తే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. మూడేళ్లలోపు మళ్లీ చేరవచ్చు. మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. ఆయా విశ్వవిద్యాలయాలు దీన్ని అమలు చేసే తీరును ముందే కనుక్కోవాలి.

అయితే క్రెడిట్లు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. కొత్త కాలేజీలో ఆ కోర్సులో ఖాళీ ఉండాలి, సిలబస్ కలవాలి. కలవని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి వస్తుంది. టీసీ, మార్కుల మెమోలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. మన పక్కనే చూడండి. పాయకరావుపేట దాటి తాండవ నది అవతలికి వెళితే తుని. నదికి ఇవతల కాలేజీలది ఆంధ్ర విశ్వవిద్యాలయం, అవతల ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. వంతెన దాటితే యూనివర్సిటీ మారిపోతుంది.

ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. కాబట్టి మారితే తొందరగా మారాలి. ఆఖరి ఏడాదిలో ఉన్న అమ్మాయిని మార్చడం కంటే, పరీక్షలయ్యేదాకా ఇక్కడే చదివించడం మేలు. ఆమె బస్సు చార్జీలు, పరీక్ష ఫీజు, కొన్నాళ్ల హాస్టల్ ఖర్చు మనం భరిస్తే డిగ్రీ దక్కుతుంది.

అందుకని మూడు విన్నపాలు.

ఒకటి, మన విద్యానిధిలో కొంత భాగం మధ్యలో ఆగిన విద్యార్థుల కోసం విడిగా ఉంచుదాం. బకాయి ఫీజు కట్టలేక సర్టిఫికెట్లు తెచ్చుకోలేని పిల్లలున్నారు. ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయడానికి కూడా పిల్లల వెంట ఒక పెద్ద మనిషి ఉండాలి. జకాత్ సొమ్ము ఎవరికి వర్తిస్తుందో ఉలమాలను అడిగి ఇద్దాం, మిగిలినవారికి సదఖా నుంచి ఇద్దాం.

రెండు, పేర్లు సరిచేయిద్దాం. ఆధార్‌లో 'మహమ్మద్' అని, పదో తరగతి మెమోలో 'ఎండీ' అని; ఒకచోట 'షేక్' ముందు, ఇంకోచోట వెనుక. పేర్లు కలవకపోతే క్రెడిట్ ఖాతా దగ్గరే పని ఆగిపోతుంది. జుమా నమాజు తర్వాత ఒక గంట కూర్చుని ఈ కాగితాలు చూసిపెట్టే చదువుకున్న యువకులు ఇద్దరు చాలు.

మూడు, నిఖా మాట్లాడుకునేటప్పుడు మెహర్ గురించి మాట్లాడుకున్నట్టే, అమ్మాయి చదువు ఎక్కడ, ఎలా పూర్తవుతుందో కూడా మాట్లాడుకుందాం. ఆ మాట పెద్దల ముందు అనుకుంటే అత్తవారికీ బాధ్యత ఉంటుంది.

కొత్తగా చేరే విద్యార్థికి మనమిచ్చేది మూడేళ్ల తర్వాత ఫలిస్తుంది. మధ్యలో ఆగిన విద్యార్థికి ఇచ్చే చిన్న మొత్తం, ఆ బిడ్డ అప్పటికే పడిన రెండేళ్ల కష్టాన్ని కాపాడుతుంది. అందులో చాలావరకు మీరు ఒకప్పుడు ఇచ్చిన డబ్బు కూడా ఉంది.

అల్లాహ్ మన పిల్లల చదువుల్లో బర్కత్ ప్రసాదించుగాక, దాతల దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.