పట్టణపు కంచము – పల్లె రైతు వాటా
(విశాఖపట్టణ పరిసర ప్రాంతముల చిన్న రైతుల కొరకు ప్రసంగ పాఠము)



"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన పెద్దలన్న మాట మీకు కొత్త కాదు. విత్తనము వేయుట, నీరు పెట్టుట, కలుపు తీయుట మన చేతిలోని పనులు. గంప ఊరి పొలిమేర దాటినదో లేదో, ధర మరొకరి చేతిలోనికి పోవును. ఈనాడు నేను ఎరువుల మోతాదులను గూర్చి చెప్పబోవుట లేదు. మీ పంట గట్టు దాటిన తరువాత ఎవరి కంచములోనికి చేరుచున్నది, ఆ కంచమునకు పెట్టిన వెలలో మీ వాటా ఎంత, దానిని పెంచుకొను మార్గము ఏది అను విషయమును మీతో ముచ్చటించెదను.

నగరము ఏమి తినుచున్నది?

విశాఖపట్టణము 2011 జనాభా లెక్కల నాటికే 17 లక్షలు దాటిన నగరము. ఒక వైపు సముద్రము, మరొక వైపు పాడేరు, అరకు కొండలు, నడుమ అనకాపల్లి, చోడవరము, మాడుగుల మెట్ట, పల్లపు భూములు ఉన్నవి. ఇన్ని రకముల నేలల పంట ఒక్క ఉదయపు ప్రయాణములో చేరగల నగరములు తక్కువ.

ఒకసారి కూరలు అమ్ముటకు కాక, చూచుటకే నగరమునకు వెళ్ళి రండి. తెల్లవారుజామున పూర్ణా మార్కెట్టులో తిరుగుడు. తరువాత సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ, కంచరపాలెము రైతుబజార్లు చూడుడు. ఎండకాలములో వీధి మూలలలో చోడి అంబలి బండ్లు కనబడును. కొండల నుండి దిగిన సీతాఫలములు, పనస, రాజ్మా చిక్కుళ్ళు, పసుపు కనబడును. మాడుగుల హల్వా డబ్బాలు, అరకు కాఫీ పొట్లములు, అనకాపల్లి బెల్లము దిమ్మలు కనబడును. ప్రతి చోట మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఈ సరుకు ఎక్కడి నుండి వచ్చినది? ఎవరు ఎంతకు కొనుచున్నారు? ఏ నెలలో దొరకుట లేదు? ఈ మూడవ ప్రశ్నకు వచ్చు జవాబే మీ రాబోవు పంటకు దారి చూపును.

రైతుబజారు – దాని ఉద్దేశము

పండించినవాడు, తినువాడు నేరుగా కలిసికొను సంతలు మన దేశములో కొత్తవి కావు. పంజాబులో 1987లో 'అప్నీ మండీ' మొదలైనది. మన రాష్ట్రములో 1999 జనవరి 26న రైతుబజార్లు ఆరంభమైనవి. అదే సంవత్సరము నవంబరులో తమిళనాడులోని మధురలో 'ఉళవర్ సందై' తెరచిరి.

రైతుబజారులో ధర టోకు ధర కంటే సుమారు 25 శాతము ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతము తక్కువగా ఉండవలెనన్నది ఉద్దేశము. ప్రతి ఉదయము ధరల పట్టిక బల్లపై వ్రాయుదురు. కూరలు పండించు రైతుకు, భూమిని, పంటను పరిశీలించి గుర్తింపు కార్డు ఇచ్చెదరు. మీకు కార్డు లేనిచో మీ ఉద్యాన లేక వ్యవసాయ సహాయకుని, బజారు ఎస్టేటు అధికారిని కలిసికొనుడు. మీ కార్డును ఇతరులకు అప్పుగా ఇయ్యవద్దు. ఒక కార్డు దళారి చేతిలో పడినచో ఒక రైతు చోటు పోయినట్లే గదా!

లెక్క చూచుకొనుడు

నేరుగా అమ్మిన ప్రతిసారి లాభమే వచ్చుననుకొనుట పొరపాటు. ఒక ఉదాహరణ చూతము. అంకెలు కేవలము లెక్క కొరకే; వీటి స్థానములో మీ అంకెలు వేసికొనుడు.

ఒక రైతు వద్ద 60 కిలోల వంకాయలున్నవి. టోకున కిలో 20 రూపాయల చొప్పున 1,200 రూపాయలు వచ్చును. బండికి, కూలికి 140 పోగా 1,060 మిగులును. ఉదయము ఎనిమిది గంటలకు అతడు మరల పొలములో ఉండును.

అదే రైతు రైతుబజారులో 25 రూపాయల చొప్పున 50 కిలోలు అమ్మినాడు, 1,250 వచ్చినవి. మిగిలిన 10 కిలోలు వడలిపోయి సాయంకాలము 12 రూపాయలకు పోయినవి, 120 వచ్చినవి. మొత్తము 1,370. బండికి, భోజనమునకు 200 పోగా 1,170 మిగిలినది. అనగా రోజంతయు కూర్చున్నందుకు దక్కిన అదనపు ప్రతిఫలము 110 రూపాయలు మాత్రమే. ఆనాటి కూలి ఇంతకంటె ఎక్కువ గదా!

ఇక నలుగురు రైతులు కలిసినారనుకొనుడు. ఒకరు వంకాయ, ఒకరు బెండ, ఒకరు ఆనప, ఒకరు బీర, తలకు 60 కిలోలు తెచ్చినారు. లెక్క సులభమగుటకు అన్నిటి ధరలు ఒకటే అనుకొందము. కొనువారికి నాలుగు రకములు ఒక్క చోటనే దొరకుటచే మిగులు తగ్గి 12 కిలోలే అయినది. 228 కిలోలకు 5,700, మిగులునకు 144, మొత్తము 5,844 వచ్చినవి. బండికి, భోజనమునకు 430, అమ్మినవానికి కూలి 600 తీసివేయగా 4,814 మిగిలినవి. తలకు 1,203 రూపాయలు. టోకు కంటె 143 ఎక్కువ. పైగా ముగ్గురు రైతులు ఆ దినము పొలము పనిలోనే ఉన్నారు.

కనుక లాభము ధరలో కంటె కలయికలో ఎక్కువగా ఉన్నది. అయితే ఒకరి కార్డుపై మరొకరి సరుకు అమ్ముట నియమ విరుద్ధము. ముందుగా ఎస్టేటు అధికారితో మాట్లాడి, సంఘముగా అమ్ముకొను మార్గమున్నదేమో తెలిసికొని, ఆ తరువాతనే పని మొదలు పెట్టుడు.

ప్రతి దినము కొద్ది కొద్దిగా

నగరవాసి ఒకే దినమున నెలకు సరిపడు తోటకూర కొనడు. మనము మాత్రము చెక్క అంతయు ఒకే దినమున చల్లి, ఒకే దినమున పీకుదుము. ఇట్లు అందరము చేసినచో ఒక వారము ధర పడిపోవును, మరొక వారము సరుకే ఉండదు.

పది సెంట్ల భూమిని ఆరు మడులుగా చేయుడు. ఐదు దినములకొక మడి చొప్పున తోటకూర చల్లుడు. తోటకూర 25 నుండి 30 దినములలో పీకుటకు వచ్చును. ఆరవ మడి చల్లిన కొద్ది దినములకే మొదటి మడి ఖాళీ అగును. అందులో ఎరువు వేసి మెంతియో, పాలకూరయో చల్లవచ్చును. ఈ విధముగా ఐదు దినములకొకసారి కోత తప్పక ఉండును. వాడుక కొనుగోలుదారులు మీ చోటు వెదకికొని వత్తురు.

కోసిన తరువాత జాగ్రత్తలు కూడ పంటలో భాగమే. ఆకుకూరలు ఎండ రాకముందే కోసి, నీడలో ఉంచి, తడి గోనె కప్పుడు. వంకాయను తొడిమతో కోయుడు. టమాటను దూరము పంపునప్పుడు దోరగా ఉండగా కోసి, గోనె సంచులలో కుక్కక, ప్లాస్టిక్ పెట్టెలలో పేర్చుడు. నలిగిన కాయ ఒక్కటి ఉన్నచో ప్రక్కనున్న పది కాయలు చెడును. పురుగు మందు కొట్టినచో డబ్బాపై వ్రాసిన గడువు ముగియక కోయవద్దు. మీ ఇంటి పిల్లలకు పెట్టని కాయను పట్టణపు పిల్లలకు పెట్టుట న్యాయము కాదు గదా.

బెల్లము రంగు – రైతు చిక్కు

అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దేశములోని పెద్ద బెల్లపు మార్కెట్లలో ఒకటి. అక్కడ చెరకు పరిశోధన 1913 నుండి సాగుచున్నది. ఆ పరిశోధనా స్థానములో బెల్లము తయారీపై కూడ కృషి జరిగినది.

మార్కెట్టులో దిమ్మ రంగునకు, గట్టిదనమునకు ధర కట్టుదురు. పసుపు తిరిగి మెరయు దిమ్మకు ఎక్కువ ధర, నలుపు తిరిగిన దిమ్మకు తక్కువ ధర. అందుచే కొందరు పాకములో హైడ్రోస్ అను గంధకపు రసాయనమును వేయుచున్నారు. ఆ మెరుపు ఎక్కువ కాలము నిలువదు. గంధకము మాత్రము బెల్లములో మిగులును. ఆహార నియమముల ప్రకారము బెల్లములో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల భాగములలో 70 భాగములకు మించరాదు.

ఇచ్చట రైతు చిక్కు నిజమైనది. మంచి బెల్లము వండినచో మార్కెట్టులో ధర తగ్గును. మెరయు బెల్లము వండినచో తినువారికి కీడు. ఆయన ఒక్కడిని నిందించుట తేలిక. కాని రంగునకే వెల కట్టువాడు, రంగునే అడుగువాడు కూడ ఇందులో భాగస్వాములే.

ఈ చిక్కు నుండి బయటపడు త్రోవ నగరములోనే ఉన్నది. రసాయనము వేయని ముదురు రంగు బెల్లమును వెదకికొను కుటుంబములు నేడు నగరములలో ఉన్నవి. వారికి పది, పదునైదు కిలోల దిమ్మ అక్కరలేదు. అర కిలో, కిలో అచ్చులు కావలెను, లేక బెల్లము పొడి కావలెను. మొదటి ఏడు మీ వంటలో పదవ వంతు మాత్రమే ఈ విధముగా చేసి చూడుడు. మిగిలినది మార్కెట్టుకే పంపుడు. వాడుకదారులు పెరిగిన కొలది ఆ భాగమును పెంచుడు.

మంచి బెల్లమునకు పునాది పొలములోనే ఉన్నది. పక్వమునకు వచ్చిన చెరకునే కొట్టి, 24 గంటలలోపుగా ఆడవలెను. నత్రజని ఎరువును ఆలస్యముగా వేయరాదు. వేసినచో రసము నాణ్యత చెడి, బెల్లము మెత్తబడును. మడ్డి తీయుటకు బెండ మొక్కల జిగురు రసము పనికివచ్చును. సుమారు ఒక టన్ను చెరకునకు వంద కిలోల బెల్లము వచ్చును గాన, పదవ వంతు ప్రయత్నములో నష్టభయము తక్కువ.

చోళ్ళు, కాఫీ – పేరు తెచ్చు విలువ

చోడి అంబలి మన ఉత్తరాంధ్ర తిండి. వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాములకు కొంచెము అటు ఇటుగా కాల్షియము ఉండును. పాలిషు పట్టిన బియ్యములో పది మిల్లీగ్రాములు కూడ ఉండదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. 2025–26 పంట కాలమునకు చోళ్ళ కనీస మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలుగా ఉండెను. అనగా కిలో 49 రూపాయలకు లోపు. మీ సరుకును అమ్మునప్పుడు ఆ ఏటి మద్దతు ధరను మనసులో ఉంచుకొనుడు.

అంబలి బండి నడుపువారికి కావలసినది రాయి, ఇసుక లేని పిండి, వారము వారము తప్పక అందు పిండి. కళ్ళములో మట్టి నేలపై నూర్చక, టార్పాలినుపై నూర్చుడు. జల్లించి, కడిగి, ఆరబెట్టి మర పట్టించుడు. ఇద్దరు ముగ్గురు బండివారితో మాట కుదుర్చుకొన్న మహిళా సంఘమునకు అంగడి వెదకు శ్రమ ఉండదు.

అరకు కాఫీ మనకు మరొక పాఠము చెప్పును. కొండలపై నీడచెట్ల క్రింద, మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు పెంచిన ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లోనే పారిస్ నగరములో అరకు పేరుతో కాఫీ దుకాణము తెరచిరి. ఆ పేరు ఊరికే రాలేదు. పండిన ఎర్రని కాయలనే ఏరి కోయుట, అదే దినము పై తొక్క తీయుట, శుభ్రముగా ఆరబెట్టుట అను మూడు పనులు దానిని నిలబెట్టినవి. పచ్చికాయ ఒక బుట్ట కలిపినవాడు తన ధరనే కాదు, కొండ మీది అందరి పేరునూ చెరచినవాడగును.

కొన్ని నియమములు

పొలములో పండిన కూరగాయలను రైతు యథాతథముగా అమ్ముకొనుటకు ఆహార లైసెన్సు అక్కరలేదు. పొడి, పచ్చడి, హల్వా వంటివి తయారుచేసి అమ్మినచో నమోదు కావలెను. చిన్న తయారీదారులకు అది సులభమే. పొట్లముపై తయారుచేసినవారి పేరు, ఊరు, తేది, తూకము వ్రాయుడు. కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండవలెను.

'సేంద్రియము' అను మాటను తేలికగా వాడవద్దు. కనీసము ఐదుగురు రైతులు సంఘముగా ఏర్పడి, ఒకరి పొలము ఒకరు పరిశీలించుకొని పత్రము పొందు భాగస్వామ్య హామీ పద్ధతి మన దేశములో ఉన్నది. పత్రము వచ్చువరకు ఏ మందు వేసితిరో, ఏది వేయలేదో ఉన్నదున్నట్లు చెప్పుడు. నగరవాసి మీ వద్ద కొనునది కూర ఒక్కటే కాదు; మీ మాటను కూడ కొనుచున్నాడు. కూర చెడినచో ఆ పూటకే నష్టము. మాట చెడినచో ఆ వాడుకదారుడు మరల రాడు.

రాబోవు పంటలోపు నాలుగు పనులు చేయుడు. ఒక దినము నగరమునకు వెళ్ళి, ఏ నెలలో ఏది దొరకుట లేదో వ్రాసికొని రండి. రవాణా, మిగులు, మీ కూలి కలిపి టోకు, నేరు అమ్మకముల లెక్క వేయుడు. వేరు వేరు పంటలు పండించు ముగ్గురు ఇరుగుపొరుగువారితో మాట్లాడుడు. పంటలో పదవ వంతును మాత్రము కొత్త దారిలో అమ్మి చూడుడు. సందేహమున్నచో అనకాపల్లి, చింతపల్లి పరిశోధనా స్థానముల శాస్త్రజ్ఞులను అడుగుడు. వచ్చునప్పుడు మీ లెక్కల పుస్తకము వెంట తెచ్చుట మరువకుడు.