తెర లేవక పూర్వము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేనే వలదంటిని. మన గ్రంథాలయమున తూర్పు కిటికీకడ నున్న కంప్యూటరును గూర్చి నాలుగు మాటలు చెప్పెదనంటిని. కొందరు నవ్విరి. కాని గత శ్రావణమాసమున ఆ యంత్రము మూలమున మన పుస్తకముల సొమ్మంతయు చేజారిపోవలసి యుండెను. ఆ సంగతి యిచట కూర్చున్నవారిలో సగము మందికి తెలియదు.

అప్పుడు నాలుగు దినములు కరెంటు లేదు. ఐదవనాడు మీట నొక్కగా తెర నల్లగనే యుండి, తేదీయు కాలమును సరిగా లేవనియు, ఎఫ్1 నొక్కి ముందునకు సాగుమనియు తెల్లని అక్షరములు కనబడినవి. అట్లే నొక్కితిమి. అంతట, మొదలిడుటకు తగిన పరికరమే కానరాదని మరియొక వాక్యము వచ్చినది. విండోస్ రాలేదు. పట్టణమునుండి వచ్చిన మరమ్మతుదారుడు పది నిమిషములు చూచి, మదర్‌బోర్డు పోయినది, క్రొత్త యంత్రము కొనుడని చెప్పి వెడలిపోయెను. పుస్తకముల పట్టికయు, ఎవరెవరు ఏ పుస్తకము తీసికొనిపోయిరో ఆ పద్దులును అందే యుండుటచే కార్యవర్గమునకు వేఱు దారి తోచలేదు. ఆ యేటి పుస్తకముల సొమ్మును యంత్రమునకు మరల్చుటకు తీర్మానము వ్రాయబోయిరి. నేను రెండు దినములు గడువడిగితిని.

సంస్కృత నాటకమున తెర లేచినంతనే నాయకుడు రాడు. మొదట నాంది, పిదప సూత్రధారుడు వచ్చి, రంగము సిద్ధమా, పాత్రలు సిద్ధమా యని చూచి, ప్రస్తావన ముగించి తాను తొలగును. కంప్యూటరునందును అట్టివాడొకడు కలడు. వానిని ఫర్మ్‌వేరందురు. మదర్‌బోర్డు పైనున్న చిన్న చిప్పులో వాని నివాసము. మీట నొక్కగనే మేలుకొని, మెమరీ కలదా, కీబోర్డు కలదా, డిస్కు కలదా యని లెక్క చూచుకొని, విండోస్‌నో లినక్స్‌నో పిలిచి రంగము నప్పగించును. వెనుకటివారు దీనిని బయాస్ అనిరి. 2005లో ఏర్పడిన యు.ఇ.ఎఫ్.ఐ. ఫోరమ్ అను సంస్థ నిర్దేశించిన పద్ధతి యిప్పటి యంత్రములలో దాని స్థానము నాక్రమించినది. అయినను జనులు పాత పేరుననే పిలుచుచున్నారు.

ఈ సూత్రధారునకు మనము చెప్పదలచిన ఆజ్ఞలు వ్రాయుచోటే సెటప్ పుట. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో ఇది లేదు. బోర్డుపై చిన్న స్విచ్చులను వ్రేలితో జరుపవలసివచ్చెడిది. 1984లో వచ్చిన ఏ.టి. యంత్రమున బ్యాటరీతో నిలుచు చిన్న జ్ఞాపకపు చిప్పు చేర్చిరి. అందు చోటు 64 బైట్లు మాత్రమే. అందులో 14 గడియారమునకే సరిపోయెను. తక్కిన యేబదింటిలో యంత్రపు వివరములన్నియు ఇమిడ్చిరి. పొదుపరి లెక్కగాడు ఎవడో వ్రాసినట్లున్నది!

ఆ బ్యాటరీ నేటికిని కలదు. రూపాయి బిళ్లవలె గుండ్రనిది, సి.ఆర్. 2032 అని పేరు, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారమును నడపునది యిదే. పలు యంత్రములలో సెట్టింగులు కూడ దీనిపైననే యాధారపడును. కొన్నింట సెట్టింగులు నిలిచి గడియారము మాత్రమే తప్పును. మనది మొదటి జాతిది. బ్యాటరీ క్షీణించినది, తీగ ద్వారా కరెంటు వచ్చినంతకాలము ఆ లోపము కనబడలేదు, నాలుగు దినములు కరెంటు పోగానే యంత్రము తాను పుట్టిననాటి సెట్టింగులకు మరలినది. మదర్‌బోర్డునకు ఏ లోపమును లేదు.

ఇది తెలియుట సులభముగా జరిగినదని తలపకుడు. మొదటి దినమున, మీట నొక్కినంతనే డిలీట్ కీని పలుమారులు తట్టి సెటప్ పుట తెఱచితిని. (కొన్ని యంత్రములకు ఎఫ్2, కొన్నింటికి ఎఫ్10 లేక ఎఫ్1, తయారుచేసినవారిని బట్టి మారును.) మన విండోస్ పాత లెగసీ పద్ధతిలో స్థాపింపబడినది. సెట్టింగు మాత్రము యు.ఇ.ఎఫ్.ఐ. ఒక్కదానికే మరలియున్నది. అందుచే సూత్రధారుడు డిస్కును చూచియు అందలి పాత్రను గుర్తింపలేకపోయెను. సి.ఎస్.ఎం. అను పాత పద్ధతిని తిరిగి అనుమతించితిని. అచటితో నిలిచినచో బాగుండెడిది. అత్యాశచే ప్రక్కనున్న సాటా పద్ధతిని కూడ ఏ.హెచ్.సి.ఐ. నుండి మార్చి రెంటిని ఒక్కమారే భద్రపరచితిని. విండోస్ గుర్తు కనబడినది. మరుక్షణమే నీలి తెర వచ్చి యంత్రము మరల మొదటికి పోయినది. డిస్కును నా చేతులతో నేనే చెఱచితినని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ముప్పది యేండ్లుగా చిట్టా ఆవర్జాలు వ్రాయుచున్నవాడను. ఒక పొరపాటును దిద్దునప్పుడు రెండవ పద్దును ముట్టరాదని కుఱ్ఱవాండ్రకు బోధించెడివాడను. తెర ముందు కూర్చుండగనే ఆ బుద్ధి యెచటికి పోయెనో!

రెండవనాడు కాగితము, కలము తీసికొని కూర్చుంటిని. పుటకొక వరుసగా ప్రతి సెట్టింగును వ్రాసికొంటిని. సాటాను మాత్రము పూర్వమువలె చేసి, భద్రపరచి, మరల నడపితిని. విండోస్ వచ్చినది. పట్టికయు పద్దులును చెక్కుచెదరలేదు. ప్లగ్గు ఊడదీసి క్రొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసితిమి. ఖర్చు ఒక టీ పార్టీకి చాలదు. ఆ సొమ్ముతో కొన్న పుస్తకములే అదిగో, రెండవ బీరువాలో నున్నవి.

ఆ పుటలో మనవంటి గ్రామమునకు మిక్కిలి ముఖ్యమైనది మరియొకటి కలదు: కరెంటు పోయి వచ్చినపుడు ఏమి చేయవలెనను సెట్టింగు. దానంతట తానే వెలుగుట, ఆఱియే యుండుట, పూర్వస్థితికి వచ్చుట యని మూడు మార్గములు. అర్ధరాత్రి కరెంటు వచ్చుచు పోవుచు నుండు మన ఊర, తాళము వేసిన గదిలో యంత్రము తనంతట వెలుగుట నాకిష్టము లేదు. ఆఱియే యుండునట్లు పెట్టితిని. పట్టణమువారికి వేఱు పద్ధతి నచ్చవచ్చును.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు సామాన్యముగా ముగిసినవి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 కావలెనని విని, తమ యంత్రమున అది లేదని పారవేయ జూచువారు కలరు. అనేక యంత్రములలో అది లోపలనే యుండి, సెటప్ పుటలో ఆపివేయబడి యుండును. ఇంటెల్ వారిది పి.టి.టి. అనియు, ఏ.ఎం.డి. వారిది ఎఫ్.టి.పి.ఎం. అనియు కనబడును. ముందు దానిని చూడుడు. అయితే డిస్కు బిట్‌లాకర్‌తో బంధింపబడియున్నచో, దానిని విప్పు 48 అంకెల కీని వ్రాసికొనకుండ ఈ సెట్టింగులను ముట్టకుడు.

మన యంత్రపు ప్రాసెసరు పాతది. దానికి ఆ భాగ్యము లేదు. అందుచే విండోస్ ప్రక్కనే లినక్స్ పెట్టితిమి. వెంటనే ఒక వింత పుట్టినది. సాయంత్రము 6 గంటలకు పిల్లకిచ్చిన పుస్తకము మధ్యాహ్నము 12:30కి ఇచ్చినట్లు విండోస్‌లో పద్దు పడినది. ఆ వేళ మన తలుపు తాళము వేసియుండును! లినక్స్ ఆ బ్యాటరీ గడియారమున ప్రపంచ కాలమును వ్రాయును. విండోస్ దానినే స్థానిక కాలమని చదువును. మనకు భేదము 5 గంటల 30 నిమిషములు. గడియారమును స్థానిక కాలముననే నడుపుమని లినక్స్‌తో చెప్పిన పిదప ఆ తగవు తీరినది.

నేను వ్రాసికొన్న సెట్టింగుల కాగితములను కుట్టించి పుస్తకముగా చేసితిని. ఏ తేదీన ఎవరు ఏది మార్చిరో అందు సంతకముతో వ్రాయవలెను. సెటప్ పుటకు పెట్టిన సంకేతపదము ముద్రవేసిన కవరులో కార్యదర్శిగారి ఇనుప పెట్టెలో నున్నది. పుస్తకము మాత్రము తాళము లేని అరలో, కంప్యూటరు ప్రక్కనే యున్నది.