పాత ప్లేయర్ కార్డులు: మొదలుపెట్టే ముందు నా తప్పు వినండి

పాత స్పోర్ట్స్ కార్డులు సేకరించడం ఎలా మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

భూపాలపల్లిలో ఉండే మా మామయ్య దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, 90లలో అందరూ ఆడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు అన్నీ అందులోనే. బీటెక్ అయిపోయిన కొత్తలో, పాడైపోతాయేమోనని నేను కొన్నింటిని తీసుకెళ్ళి లామినేషన్ చేయించా. ఆ వేడికి ప్లాస్టిక్ కార్డుకు అతుక్కుపోయింది. ఇక ఊడదు. కలెక్టర్ల లెక్కలో ఆ కార్డు పోయినట్టే.

మామయ్య చేతిలో పెడితే అటూఇటూ తిప్పి చూసి, "మంచిగ మెరుస్తున్నయ్ రా. కానీ కపిల్ దేవ్ చేతికి తగుల్తలేడు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

2022 ఆగస్టులో అమెరికాలో మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి 1952 నాటి టాప్స్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా దాదాపు కొత్తదానిలా ఉండటమే దాని గొప్ప. అది చూసి మన కార్డులూ లాటరీ అనుకోకండి. నేర్చుకోవాల్సింది ఒక్కటే: కార్డు విలువ దాని కండిషన్‌లో ఉంటుంది.

ఇప్పుడు పని సంగతి. ఒకటి, అన్నీ కొనొద్దు. ఒక ఆటగాడో, ఒక సెట్టో పట్టుకోండి. రెండు, మెత్తటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, దాన్ని గట్టి హోల్డర్‌లో పెట్టండి. పీవీసీ లేని కవర్లే తీసుకోండి. రబ్బరు బ్యాండ్, గమ్, టేపు, లామినేషన్ అస్సలు వద్దు. ఎండ, తేమ తగలనివ్వద్దు. మూడు, కొనేముందు భూతద్దంతో చూడండి. పాతకాలం అట్ట మరీ తెల్లగా, అంచులు మరీ కొత్తగా ఉంటే అనుమానించండి. నాలుగు, ఆన్‌లైన్‌లో అడిగే ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. రెండోదే చూడండి.

ఎక్కడ వెతకాలి? జనగామలోనో మానుకోటలోనో రైలెక్కితే సికింద్రాబాద్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య, గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య వెతకండి. దొరుకుతాయని గ్యారంటీ లేదు, వెతకడమే సగం మజా.

కానీ రూపాయి ఖర్చు పెట్టకముందు మీ మామయ్యకో, బాబాయికో, పెద్దన్నకో ఫోన్ చేయండి. "చిన్నప్పటి కార్డులు ఏమన్నా ఉన్నాయా?" అని అడగండి. ఏ దుకాణంలో కొన్నారో, ఎవరితో ఆడి గెలిచారో అడిగి రాసిపెట్టుకోండి. అది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

మా మామయ్య మిగిలిన కార్డులు నాకే ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు: "మిషన్ల పెట్టకు."

ఉంటా మరి, మళ్ళీ కలుద్దాం.