ఊరి దారి, నగరపు దారి



బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం కారు కొనదలచినప్పుడు ముందుగా తలచుకొనేది సంక్రాంతికి సొంత ఊరి ప్రయాణాన్ని. దూరానికి డీజిలే చవక అన్న మాట ఒక తరం నుండి ఇంటింటా పాతుకుపోయింది. ఆ మాటకు ఆధారమైన పరిస్థితులు నేడు మారాయి.

ఒకప్పుడు డీజిల్ ధరను ప్రభుత్వం అదుపులో ఉంచేది. 2013 నుండి సడలుతూ వచ్చిన ఆ నియంత్రణ 2014 అక్టోబరులో పూర్తిగా తొలగింది. పెట్రోలుకు, డీజిలుకు నడుమ అంతరం బాగా తగ్గింది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి రాగా, డీజిల్ కార్లకు మసిని పట్టి ఉంచే ఫిల్టరు అవసరమైంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజను వదిలే పొగ బాగా వేడెక్కాలి. సిగ్నలు నుండి సిగ్నలుకు పాకే చిన్న ప్రయాణాలలో ఆ వేడి చాలదు, ఫిల్టరు పూడుకుపోతుంది.

హైబ్రిడ్ తీరు వేరు. బ్రేకు వేసినప్పుడు వృథా కావలసిన శక్తిలో కొంత బ్యాటరీకి చేరి, తిరిగి బండిని కదిలిస్తుంది. అందువల్ల ఆగి ఆగి సాగే రద్దీలోనే దాని ఆదా తెలుస్తుంది. అయితే 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్ కార్లపై పన్ను సెస్సుతో కలిపి 43 శాతమైంది; విద్యుత్ వాహనాలపై 2019 ఆగస్టు నుండి 5 శాతమే. బంకులో మిగిలే సొమ్ములో చాలా భాగం కొన్ననాడే పన్నుగా చెల్లింది. 2025 సెప్టెంబరులో రేట్లు మళ్లీ మారాయి.

విధానాలు మారుతూనే ఉంటాయి. కుటుంబపు దినచర్య అంత త్వరగా మారదు. ఏడాదికి రెండు మార్లు సాగే ఊరి దారిని కాక, మిగిలిన రోజుల నగరపు దారిని లెక్కించి బండిని ఎన్నుకోవడం ఇంటికి మేలు, ఇరుగుపొరుగు పీల్చే గాలికీ మేలు.